సత్తుగిన్నె మీద పడ్డ నింద

బాపట్లలో హైమావతి చారు తాగనివాళ్ళు ఉంటే ఉండవచ్చు గానీ, దాని గురించి విననివాళ్ళు మాత్రం ఆ వీధిలో లేరు. వినిపించకుండా ఆవిడ వదిలిపెడితే కదా! ఇంటికి ఎవరు వచ్చినా, ఆఖరికి కరెంటు మీటరు చూసిపోయే మనిషైనా సరే, ఒక గ్లాసు చారు తాగి కదలవలసిందే. తాగి, "బావుందండి" అని గ్లాసు కింద పెట్టేస్తే సరిపోదు. ఎందుకు బావుందో ఆవిడ చెబుతుంది, నిలబడి వినాలి. చింతపండు పాతదై ఉండాలి, మిరియాలూ జీలకర్రా అప్పటికప్పుడు దంచాలి, అన్నిటికంటే ముందు గిన్నె సత్తుగిన్నె అయి ఉండాలి. స్టీలు గిన్నెలో కాచినదాన్ని ఆవిడ చారు అనదు. పులుపు నీళ్ళు అంటుంది.

ఆ సత్తుగిన్నె అత్తగారి దగ్గర నుంచి ఆవిడకి వచ్చింది. తగరంతో పోతపోసింది. చూడటానికి చిన్నదే గానీ ఎత్తితే చెయ్యి లాగేస్తుంది. దానికో తిక్క కూడా ఉంది. నీళ్ళు పోయకుండా పొయ్యి మీద పెడితే కరిగి కూర్చుంటుంది. అందుకని కోడలు మైథిలి కాపురానికి వచ్చినప్పుడు బీరువా తాళాలతో సహా అన్నీ అప్పగించింది గానీ, గిన్నె మాత్రం ముట్టుకోనివ్వలేదు. "నువ్వు తాగిపెట్టు తల్లీ, అదే నాకు పదివేలు" అంది. మైథిలి నిజంగానే తాగేది. భర్త పోయిన తరవాత తన చారుని అంత ఇష్టంగా తాగిన మనిషి హైమావతికి మళ్ళీ మైథిలే. కొడుకు సుధీర్ బ్యాంకుకి టైమైపోతోందంటూ నిలబడి తినే రకం. వాడికి చారైనా ఒకటే, సాంబారైనా ఒకటే. కాలేజీలో పాఠాలు చెప్పి గొంతెండిపోయి వచ్చిన కోడలు వంటింటి గుమ్మంలో చతికిలబడి, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగుతూ ఉంటే, చూస్తున్న హైమావతికి కడుపు నిండిపోయేది.

అలాంటి గిన్నె మీద నింద పడింది.

మైథిలికి అప్పుడు అయిదో నెల. మనిషి పాలిపోయింది, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఐరన్ మాత్రలు వేసుకుంటున్నా రక్తం పట్టడం లేదు. తెనాలిలో సాయిసుధ అని మంచి హస్తవాసి ఉన్న డాక్టరు ఉంటే ఆవిడకి చూపించారు. ఏం తింటున్నావు, ఏం తాగుతున్నావు అని డాక్టరు అడిగింది. అత్తగారు పక్కనే ఉందని కాదు, మైథిలి నిజంగా మురిసిపోతూనే చెప్పింది.

"మా అత్తయ్యగారి చారుంటే నాకింకేం అక్కర్లేదండి. సత్తుగిన్నెలో కాస్తారు."

రాస్తున్న డాక్టరు తల ఎత్తింది. "సత్తుగిన్నెలోనా? రోజూనా?"

"రోజూనండి" అంది హైమావతి, మెప్పు వస్తుందనుకుని.

మెప్పు రాలేదు, రక్తపరీక్ష వచ్చింది. తగరం అని చెప్పి అమ్మే గిన్నెల్లో సీసం కలిపి పోతపోయడం ఉందనీ, అందులో చింతపండు పులుసు మరిగితే ఆ సీసం పులుసులోకి దిగుతుందనీ, కడుపులో బిడ్డ ఎదుగుదలకి అది చేటనీ డాక్టరు నెమ్మదిగా చెప్పింది. నాలుగు రోజులకి ఫలితం వచ్చింది. అయిదులోపు ఉండవలసిన సీసం మైథిలి రక్తంలో పద్దెనిమిది ఉంది.

హైమావతికి తల తీసేసినట్టయింది. మా అత్తగారు ఎనభై దాటి బతికింది ఈ చారు తాగే కదా అని వాదించబోయింది. కానీ తన ఎదురుగా కూర్చున్నది పొట్ట మీద చెయ్యి వేసుకుని బిక్కచచ్చిపోయిన పిల్ల. నోటి దాకా వచ్చిన మాట మింగేసి ఇంటికి వచ్చి, గిన్నెని గోనెసంచిలో చుట్టి అటకెక్కించింది.

ఆ వారంలోనే మైథిలి తల్లిదండ్రులు రేపల్లె నుంచి వచ్చారు. తండ్రి వెంకటరాఘవయ్య ఒకప్పుడు తెనాలిలో చిన్న ప్రెస్సు నడిపేవాడు. శుభలేఖలూ, బిల్లు పుస్తకాలూ, గుడి కరపత్రాలూ అచ్చువేసేవాడు. ఆఫ్‌సెట్ మిషన్లు వచ్చి అక్షరం అక్షరం పేర్చే చేతి కంపోజింగు మూలపడ్డాక ప్రెస్సు మూసేసి, ఉన్న అచ్చక్షరాల టైపంతా తూకానికి అమ్మేసి, భార్య పుట్టిన ఊరైన రేపల్లెలో స్థిరపడ్డాడు. గట్టిగా మాట్లాడితే గాలికి నొప్పి కలుగుతుందేమో అన్నట్టు ఉండే మనిషి. ఆ రోజు కూడా హైమావతిని పల్లెత్తు మాట అనలేదు. ఇద్దరి మాటలూ ఆయన భార్యే అనేసింది.

"మాకు ఇద్దరు కడుపులోనే పోయారు వదినగారూ. ఆ తరవాత ఎన్ని మొక్కులు మొక్కుకుంటే ఇది దక్కిందో మీకేం తెలుసు! మీ చారు రుచికి దీన్ని బలిపెట్టమంటారా? పురుడయ్యేదాకా ఇంక మా దగ్గరే ఉంటుంది. సీమంతం కూడా అక్కడే."

హైమావతి లేచి పిల్ల బట్టలు తనే సర్ది ఇచ్చింది.

తరవాతి రోజులు ఆవిడకి బాగా గడవలేదు. ఇంట్లో గిన్నెలు తోమే ఏసమ్మ అటక మీదకి చూస్తూ, "అందులో ఇసం ఉందంట కదమ్మా" అని అడిగింది. పక్కింటి సంజీవరావుగారు పదిహేనేళ్ళుగా పొద్దున పదకొండింటికి గోడ మీంచి గ్లాసు చాచే మనిషి, పులుపు పడటం లేదమ్మా అని గ్లాసు దాచేసుకున్నారు. పైకి మండిపడుతూనే ఉంది గానీ, హైమావతికి అసలు బాధ వాళ్ళ మాటలు కాదు. ఒకవేళ డాక్టరు చెప్పిందే నిజమైతే? "ఇంకో గ్లాసు తాగవే" అని బలవంతం చేసింది తనే కదా. లోపల ఉన్న పసిగుడ్డుకి కూడా ఆ చేత్తోనే పోసిందా? అన్నం ముందు కూర్చుంటే ఇదే ఆలోచన. స్టీలు గిన్నెలో చారు పెట్టుకోవడానికి మనసు రాక, మజ్జిగతో కానిచ్చేది.

చారు మానేశారు కనక నెలన్నరలో ఆ అంకె సగానికి రావాలని డాక్టరు చెప్పింది. నెలన్నర అయ్యాక మళ్ళీ రక్తం తీస్తే ఇరవై ఒకటి వచ్చింది. తగ్గకపోగా పెరిగింది. డాక్టరు సుధీర్‌కి ఫోన్ చేసి, "మీరూ మీ అమ్మగారూ అదే చారు తాగారు కదా, మీ ఇద్దరి రక్తం కూడా చూద్దాం" అంది. బాపట్లలోనే రక్తం ఇచ్చారు. ఫలితాలు వచ్చాక అందరినీ తెనాలి రమ్మంది.

సుధీర్ కారులో రేపల్లె వెళ్ళి మైథిలిని తీసుకువచ్చాడు. హైమావతి బాపట్ల నుంచి రైల్లో వచ్చింది. ఒంట్లో బాగాలేదని వెంకటరాఘవయ్య రాలేదు, ఆయన్ని వదిలి భార్యా రాలేదు. ఆసుపత్రి బల్ల మీద కోడలి పక్కన కూర్చుని హైమావతి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. మైథిలి చెయ్యి వెనక్కి తీసుకోలేదు. అంతమాత్రానికే ఆవిడకి కళ్ళ నీళ్ళు తిరిగాయి.

"అమ్మా, మీ రక్తంలో సీసం రెండే ఉంది" అంది డాక్టరు సాయిసుధ కాగితాలు తిరగేస్తూ. "మీ అబ్బాయికీ అంతే. ఆ గిన్నెలో చారు మీరు ఎన్నాళ్ళ నుంచి తాగుతున్నారు?"

"కాపురానికి వచ్చినప్పట్నుంచీనండి. నలభై ఏళ్ళు దాటింది."

"అయితే గిన్నె తప్పేం లేదు. మేమే తొందరపడ్డాం, ఏమీ అనుకోకండి. అందులో సీసం ఉంటే ముందు మీ రక్తంలో కనపడాలి."

హైమావతికి ప్రాణం లేచివచ్చింది. ఆ క్షణాన ఎగిరి బాపట్ల వెళ్ళి గిన్నెని అటక మీంచి దింపి, పసుపూ కుంకుమా పెట్టాలనిపించింది. సంజీవరావుగారి గ్లాసు గుర్తొచ్చింది. అన్నిటికంటే ఎక్కువగా వియ్యపురాలు గుర్తొచ్చింది. ఆవిడతో ఏం అనాలో మాటలు వాటంతట అవే వరస కట్టడం మొదలుపెట్టాయి.

"మరి నాకెక్కణ్ణుంచి వచ్చినట్టండి?" అంది మైథిలి.

 పసుపు ఎక్కడ కొంటారు, కాటుక, కుంకుమ, నాటు మందులేమైనా వాడావా అని డాక్టరు ఒక్కొక్కటే అడిగింది. ఏదీ కాదు. చివరికి, "చిన్నప్పుడు ఎక్కడ పెరిగావు?" అంది.

"ఇక్కడే తెనాలిలోనండి. నాన్నగారికి ప్రెస్సుండేది. ముందు గదిలో ప్రెస్సు, వెనక గదుల్లో మేం."

"సీసం అక్షరాలా?"

"అవునండి." చెబుతూ చెబుతూ మైథిలి మొహంలోకి ఎక్కడిదో వెలుగు వచ్చింది. "నేను బళ్ళో చేరకముందే వాటితోనే అక్షరాలు నేర్చుకున్నా. అచ్చయిపోయాక ఆ అక్షరాలన్నీ విడదీసి మళ్ళీ ఎవరి గడిలో వాళ్ళని వెయ్యాలి కదా, సాయంత్రాలు అది నా పని. పక్కన జంతికల పళ్ళెం పెట్టుకుని వేసేదాన్ని. చేతిలో పట్టకపోతే రెండు మూడు నోట్లో పెట్టుకునేదాన్ని. కాలు తగిలితే మాత్రం నాన్న ఊరుకునేవారు కాదు, కళ్ళకద్దుకోమనేవారు. సరస్వతి కదండీ! విజయదశమి రోజు పెద్ద 'శ్రీ' టైపుని తేనెలో ముంచి నా నాలిక మీద పెట్టేవారు. చదువొస్తుందని. ప్రెస్సు మూసేసేదాకా ఏటా..."

అక్కడ ఆగిపోయింది. తనేం చెబుతోందో తనకే వినిపించింది.

 డాక్టరు చాలా మెల్లగా, బడిపిల్లకి చెప్పినట్టు చెప్పింది.

"సీసం కడుపులోకి వెళితే పెద్దవాళ్ళ పేగులు పదో వంతో ఎంతో తీసుకుని మిగతాది బైటికి పంపేస్తాయి. పిల్లల పేగులు సగం దాకా లాగేసుకుంటాయి. ఎదిగే ఒంటికి కాల్షియం కావాలి కదా, ఆ ఆకలిలో కాల్షియం ఏదో సీసం ఏదో వాటికి తెలీదు. రక్తంలోకి వెళ్ళాక సీసం ఎర్రకణాలని పట్టుకుని కూర్చుంటుంది. ఆ రక్తంతో పాటే ఒళ్ళంతా తిరుగుతుంది. కొంత మూత్రంలో పోతుంది. మిగిలింది మెల్లిగా ఎముకలో చేరుతుంది. రక్తంలోదైతే నెలకో నెలన్నరకో సగమైపోతుంది. ఎముకలో చేరింది ఇరవై ముప్పై ఏళ్ళైనా అలాగే ఉంటుంది. ఉన్నట్టు మనకి తెలీదు కూడా."

"మరి ఇప్పుడెందుకు బైటికొచ్చింది?" అన్నాడు సుధీర్.

"ఇప్పుడు లోపల బిడ్డ ఎముకలు కట్టుకుంటోంది. దానికి కాల్షియం కావాలి. అమ్మ తినేది చాలకపోతే అమ్మ ఎముక కరిగించి మరీ తీసుకుంటుంది. కాల్షియంతో పాటు ఎప్పుడో దాక్కున్న సీసం కూడా రక్తంలోకి వస్తోంది. నెలలు నిండేకొద్దీ ఇంకొంచెం రావచ్చు. అందుకే చారు మానినా తగ్గలేదు."

మైథిలి పొట్ట మీద రెండు చేతులూ వేసుకుంది. "నా బిడ్డకి ఏమవుతుందండి?"

"రక్తాన్ని మందులతో కడగాల్సినంత లేదు. అసలు ప్రమాదం లేదనను. కాల్షియం మాత్రలు పెంచుతాను, పాలూ పెరుగూ బాగా తీసుకో. నువ్వు పెట్టిందే బిడ్డకి చాలితే నీ ఎముక జోలికి అంతగా రాదు. ఐరన్ మానకు, ఖాళీ కడుపుతో ఉండకు. నెలనెలా చూద్దాం. పుట్టాక బిడ్డ రక్తం కూడా చూద్దాం. ముందే తెలుసుకున్నాం, అది మంచిదే." ఆవిడ మందులు రాసిన కాగితం మైథిలి చేతికిచ్చింది. "మీ నాన్నగారు అన్నేళ్ళు ఆ పని చేశారు కదా. ఆయన రక్తం కూడా ఒకసారి చూడాలి."

"షుగరు పరీక్షకని చెప్పి నేను తీసుకొస్తానండి" అన్నాడు సుధీర్. అలా ఎందుకన్నాడో అక్కడున్న ముగ్గురికీ అర్థమైంది.

మైథిలిని దింపడానికి ముగ్గురూ రేపల్లె బయల్దేరారు. కారు వేమూరు దాటింది. రోడ్డు పక్కన కాలవ నిండుగా పోతోంది, పొలాల్లో నాట్లు పడుతున్నాయి. వెనక సీట్లో హైమావతి చేతిసంచిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తన రక్తం కాగితం అందులోనే ఉంది. ఇందాక డాక్టరుగారి గదిలో కోడలి మొహం చూశాక వరస కట్టిన మాటలు కొన్ని చెదిరిపోయాయి గానీ, అన్నీ పోలేదు. ఎలా పోతాయి? పిల్లని బలిపెట్టిందన్నారు. తనింట్లో, తన వంటింట్లో నిలబడి అన్నారు. ఈ కాగితం చూపించకపోతే ఆ మాట తను పోయాక కూడా ఉండిపోతుంది. రేపు పుట్టే పిల్లో పిల్లాడో జలుబు చేసి తుమ్మినా, బళ్ళో మార్కులు తగ్గినా, "వాళ్ళ నానమ్మ గిన్నె" అంటారు.

"అత్తయ్యా" అంది మైథిలి ముందు సీట్లోంచి, వెనక్కి తిరక్కుండానే. "నాన్నకి నేను తరవాత ఎప్పుడైనా మెల్లిగా చెబుతాను."

"ఎప్పుడే?"

"తెలీదు."

"మీ అమ్మగారు నన్నన్న మాట నీకు తెలుసు కదా."

"తెలుసత్తయ్యా. నేనప్పుడే అమ్మతో పోట్లాడాను." మైథిలి ఈసారి వెనక్కి తిరిగింది. "మీరు ఇవాళే చెప్పినా నేనేమీ అనుకోను. మీ మీద పడ్డ మాట మీరు తుడుచుకోవద్దూ?"

ఎదురు చెబితే హైమావతికి బలం వచ్చేది. ఇలా అనేసరికి కిటికీ వైపు తిరిగింది. భట్టిప్రోలు వచ్చింది, వెళ్ళిపోయింది. ఆఖరికి మెత్తగానే చెబుదాం అని తీర్మానించుకుంది. ఎవరినీ నొప్పించకుండా, కాగితం మాత్రం చూపించి వచ్చేద్దాం. వాళ్ళ క్షమాపణ తనకి అక్కర్లేదు గానీ, చెయ్యని నేరం కూడా అక్కర్లేదు. అందులో తప్పేముంది? ఏమీ లేదు. ఏ పెద్దమనుషుల మధ్య పెట్టినా ఆవిడదే న్యాయం.

రేపల్లెలో ఇంటి ముందు కారు ఆగగానే వియ్యపురాలు బయటికి వచ్చింది. కూతురిని తడిమి చూసుకుని లోపలికి పంపి, హైమావతిని "రండి" అంది గానీ, ఆ మాటలో పిలుపు లేదు. ముందు గదిలో వెంకటరాఘవయ్య మడతకుర్చీలో ఉన్నాడు. ఆయన్ని చూసి హైమావతి గుమ్మంలోనే ఆగిపోయింది. రెండు నెలల కింద చూసిన మనిషి కాదు. గడ్డం మాసిపోయింది, చొక్కా భుజాల మీంచి జారిపోతోంది. పక్కన స్టూలు మీద మూతపెట్టిన పళ్ళెం ఉంది.

"అన్నం ముట్టడం లేదు" అంది భార్య. "రెండోసారి రక్తం తీసి తగ్గలేదన్నారు చూడండి, ఆ రోజు నుంచీ ఇంతే. నిద్రా లేదు. ఏంటండీ అంటే చెప్పరు."

వెంకటరాఘవయ్య కుర్చీలోంచి లేచి చేతులు జోడించాడు. "కూర్చోండి చెల్లెమ్మగారూ. మీ కోసమే చూస్తున్నాను. అమ్మాయి చెప్పదు, అల్లుడుగారు చెప్పరు. మీరు ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి. మీరైతే చెబుతారు."

హైమావతి ఆయన ఎదురుగా కూర్చుంది. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుంది.

"గిన్నె మానేశాక తగ్గాలిగా. ఎందుకు తగ్గలేదండి?" అన్నాడు ఆయన. "నేను ఫోన్లో అన్నీ చదివాను. ప్రెస్సుల్లో పనిచేసేవాళ్ళకి సీసం ఎక్కుతుందని రాశారు. ఇంట్లో ఆడవాళ్ళకీ పిల్లలకీ కూడా పట్టుకుంటుందిట. ప్రెస్సు వెనక గదిలోనే మేం కాపురం చేశాం. పిల్ల నా కాళ్ళ దగ్గరే ఆడుకునేది. నేనే దాని నాలిక మీద..."  వంటింటి గుమ్మంలో నిలబడ్డ భార్య వైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించాడు. "కడుపు నిలవకపోవడానికి కూడా అది కారణమవుతుందని రాశారండి. మాకు ఇద్దరు పోయారు. దానికి తెలీదు నేనిది చదివినట్టు. ఇన్నాళ్ళూ దేవుణ్ణి అనుకున్నాను. నా చేతులేనా? నిజం చెప్పండి చెల్లెమ్మగారూ. నా ప్రెస్సేనా?"

హైమావతి సంచి మీద చెయ్యి వేసింది. లోపల కాగితం చప్పుడైంది. ఆయన కళ్ళు ఆవిడ మొహం మీదే ఉన్నాయి. తీర్పు కోసం నిలబడ్డ మనిషి కళ్ళు అవి. ఆ కళ్ళల్లోకి చూశాక, దారి పొడుగునా తను కూడబెట్టుకున్న న్యాయం ఆవిడకి ఎక్కడా కనిపించలేదు.

"అదేం మాటండీ!" అంది, తనకే ఆశ్చర్యం కలిగేంత గట్టిగా. "మీ ప్రెస్సు మూసి ఎన్నేళ్ళైంది? పాతికేళ్ళకి దగ్గరపడుతోంది. అక్షరాల్లోంచి విషం వస్తుందా ఎక్కడైనా? గిన్నేనండి. మా గిన్నే."

"మరి తగ్గలేదు కదా..."

"ఎలా తగ్గుతుంది? డాక్టరుగారు ఇవాళే విడమరిచి చెప్పారు. రక్తంలోది తొందరగానే పోతుందిట గానీ, ఎముకలోకి వెళ్ళింది అక్కడే కూర్చుంటుందిట. పెళ్ళైనప్పట్నుంచీ గ్లాసులకి గ్లాసులు తాగించాను కదా. ఇప్పుడు లోపల బిడ్డకి ఎముకలు కట్టాలి కనక, దీని ఎముక కరిగి అదంతా రక్తంలోకి వస్తోందిట. పాలూ పెరుగూ తిని కాల్షియం వేసుకుంటే కుదుటపడుతుందన్నారు. భయం లేదన్నారు."

"మీక్కూడా రక్తం తీశారటగా?"

సుధీర్ నోరు తెరవబోయాడు. హైమావతి వాడి వైపు ఒక చూపు చూసింది. చిన్నప్పుడు పెళ్ళిళ్ళలో రెండో లడ్డూకి చెయ్యి చాచినప్పుడు చూసే చూపు అది. వాడు నోరు మూసుకున్నాడు.

"తీశారండి. నాకు దీనికంటే ఎక్కువే ఉందిట. కడుపుతో లేను కనక బైటపడలేదు, అంతే." తల వంచుకుంది. "నలభై ఏళ్ళుగా గొప్పలు చెప్పుకున్నాను అన్నయ్యగారూ, ఆ గిన్నె గురించి."

వెంకటరాఘవయ్య కుర్చీలో వెనక్కి వాలాడు.  రెండు అరచేతులూ విప్పి వాటి వైపు చూసుకున్నాడు. తరవాత వాటితోనే మొహం కప్పుకున్నాడు.

వంటింటి గుమ్మంలోంచి భార్య గొంతు లేచింది. "విన్నారా! నేను మొదటి నుంచీ చెప్పడం లేదూ? వేలెడంత గిన్నె మీద పంతానికి పోయి ఎంత పని చేశారు వదినగారూ! మా పిల్లే దొరికిందా మీకు?"

హైమావతి ఆ మాట పడింది. జీవితంలో ఎవరి మాటా పడని మనిషి, మారు మాట్లాడకుండా పడింది. లోపలి గది తలుపు దగ్గర మైథిలి నిలబడి ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అత్తగారి వైపే చూస్తోంది.

"ఊరుకో" అన్నాడు వెంకటరాఘవయ్య భార్యతో. ఆయన అంత గట్టిగా మాట్లాడగా ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. "ఆవిణ్ణి ఒక్క మాట అన్నావంటే బాగుండదు. ముందు నాకు అన్నం పెట్టు, ఆకలేస్తోంది."

భార్య తెల్లబోయింది. ఆకలి అన్న మాట విని ఎన్నాళ్ళయిందో! కోపం ఏమైపోయిందో ఏమో, గబగబా లోపలికి పరిగెత్తింది.

వెంకటరాఘవయ్య కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. 'మీరు' అని తప్ప ఎన్నడూ పిలవనివాడు, ఆ మర్యాద కూడా మరిచిపోయాడు.

"బాధపడకు చెల్లెమ్మా. తెలిసి చేశావా ఏంటి? పిల్ల బావుండాలని పెట్టావు. నీ ఇంట్లో అన్నిటికంటే మంచిది ఏదో అదే దాని నోటికి అందించావు. అందులో విషం ఉందని నీకెవరైనా చెప్పారా? లేదు కదా. మరి తప్పెలా అవుతుంది? అంత ప్రేమగా పెట్టిన చేతిని దేవుడు కూడా తప్పు పట్టడు."

అప్పటిదాకా నిబ్బరంగా కూర్చున్న హైమావతికి దుఃఖం ముంచుకొచ్చింది. పెద్దగా, చిన్నపిల్లలా ఏడ్చేసింది. పాపం ఈవిడ మనసులో ఎంత కుమిలిపోతోందో అనుకుని, ఆయన కళ్ళు కూడా చెమర్చాయి.

"ఆ మాట ఇంకొక్కసారి అనండి అన్నయ్యగారూ" అంది ఆవిడ వెక్కుతూ.

"ఎన్నిసార్లైనా అంటాను తల్లీ" అన్నాడు వెంకటరాఘవయ్య. ఒక్కొక్క మాటే విడదీసి, నమ్మకంగా, మళ్ళీ అన్నాడు. "తెలిసి చెయ్యలేదు. తప్పు కాదు."